కోడ్ ఎవరిది, తాళాలు ఎవరి దగ్గర?

విశాఖలో నలుగురు ఇంజినీరింగ్ కుర్రాళ్లు కలిసి సిటీ బస్సుల యాప్ ఒకటి రాశారనుకుందాం. మద్దిలపాలెంలో నిలబడి చూస్తే మధురవాడ బస్సు ఎంతసేపట్లో వస్తుందో చెప్పే యాప్. ఫైనలియర్ ప్రాజెక్టుగా మొదలైంది, వైవా అయిపోయింది, కోడ్ మొత్తం అందరూ చూసేలా గిట్‌హబ్ అనే సైట్లో పెట్టేశారు. కొన్నాళ్లకి ముక్కూ మొహం తెలియనివాళ్లు బగ్గులు సరిచేసి పంపడం మొదలుపెట్టారు. ఒకమ్మాయి బస్‌స్టాపుల పేర్లన్నీ తెలుగులో పెట్టింది. అంతలో రుషికొండలోని ఓ చిన్న కంపెనీ నుంచి ఫోన్: "మీ కోడ్ మా ప్రోడక్టులో వాడుకుందామనుకుంటున్నాం, ఎవరిని అడగాలండీ?"

"ఓపెన్ సోర్సే కదరా, అడగడం దేనికి?" అంటాడు ఒకడు. "కోడ్ ఉన్న రిపాజిటరీ నా అకౌంట్లో ఉంది, నన్నే అడగాలి" అంటాడు రెండోవాడు. "సగం కోడ్ రాసింది నేను" అని మూడోవాడు. కాలేజీని అడగాలేమో అని నాలుగోవాడి అనుమానం.

తమాషా ఏంటంటే, వీళ్లు ఒకే ప్రశ్నకు నాలుగు జవాబులు చెప్పడం లేదు. మొదటివాడు మాట్లాడుతున్నది లైసెన్స్ గురించి, అంటే బయటివాళ్లు ఏం చేసుకోవచ్చన్న దాని గురించి. రెండోవాడిది పెత్తనం సంగతి: ప్రాజెక్టులో ఎవరి మాట చెల్లుతుంది? మూడోవాడు, నాలుగోవాడు కాపీరైట్ గురించి, అంటే అసలు ఆస్తి ఎవరిదన్న దాని గురించి మాట్లాడుతున్నారు. కోడ్‌ని అందరికీ తెరిచిపెట్టే ఈ ఓపెన్ సోర్స్‌లో వచ్చే తగాదాలు చాలావరకు ఈ మూడింటినీ కలగలిపేయడం వల్ల వచ్చేవే. వీటిని ఒక్కొక్కటిగా విడదీసి చూస్తే చిక్కు దానంతటదే వదులవుతుంది.

లైసెన్స్: బయటివాళ్లకు ఇచ్చే మాట

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. దాని ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రామ్ సాహిత్య రచన కిందకే వస్తుంది. కథ రాసినవాడికి కథ మీద ఎలాంటి హక్కు ఉంటుందో, కోడ్ రాసినవాడికి కోడ్ మీద అలాంటిదే ఉంటుంది. రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, కింద కాపీరైట్ గుర్తు వేయనక్కర్లేదు. రాయగానే హక్కు వచ్చేస్తుంది. కాబట్టి లైసెన్స్ ఫైలు లేకుండా గిట్‌హబ్‌లో పెట్టిన కోడ్ ఊరందరిదీ అయిపోదు, రాసినవాళ్లదిగానే ఉంటుంది. గిట్‌హబ్ షరతుల ప్రకారం పబ్లిక్ కోడ్‌ని ఎవరైనా అక్కడ చూడొచ్చు, అక్కడే ఫోర్క్ చేసుకోవచ్చు, అంటే తన అకౌంట్లోకి ఒక కాపీ తీసుకోవచ్చు. తీసుకెళ్లి సొంత ప్రోడక్టులో కలుపుకునే హక్కు మాత్రం దాంతో రాదు. కాబట్టి మొదటివాడి మాట నిలబడాలంటే ముందు రిపాజిటరీలో లైసెన్స్ అనే ఫైలు ఉండాలి.

ఆ ఫైల్లో ఎంఐటీ లైసెన్స్ పెట్టారనుకోండి. చదవడానికి ఒక నిమిషం కూడా పట్టదు. వాడుకో, మార్చుకో, అమ్ముకో. నా కాపీరైట్ లైనూ ఈ లైసెన్స్ పాఠమూ మాత్రం తీసేయకు. పనిచేయకపోతే నన్ను అడగకు. అంతే. కంపెనీ ఆ కోడ్ తీసుకుని, తలుపులు మూసుకుని, నెలకింతని చందా పెట్టి అమ్ముకోవచ్చు. ఫోన్ చేసి అడగడం వాళ్ల మర్యాద, బాధ్యతేమీ కాదు. "మా కోడ్‌తో వాళ్లు డబ్బులు చేసుకుంటున్నారు" అని తర్వాత బాధపడేవాళ్లని చూస్తుంటాం. లైసెన్స్ ఎంచుకునే రోజున డ్రాప్‌డౌన్‌లో పైన కనిపించింది నొక్కేస్తే అలాగే అవుతుంది మరి. బీఎస్డీ లైసెన్సులూ దాదాపు ఇదే దారి. 2004లో వచ్చిన అపాచీ 2.0 కాస్త పొడుగు. అందులో పేటెంట్ల అనుమతి కూడా ఉంటుంది. ఈ కోడ్ నా పేటెంట్‌ని ఉల్లంఘిస్తోందని ఎవరైనా కోర్టుకెక్కితే, దాని కింద తమకొచ్చిన పేటెంట్ అనుమతిని వాళ్లు పోగొట్టుకుంటారు.

జీపీఎల్ తీరే వేరు. రిచర్డ్ స్టాల్‌మన్ మొదలుపెట్టిన, ఎవరైనా స్వేచ్ఛగా వాడుకోగల సాఫ్ట్‌వేర్ తయారుచేసే గ్నూ ప్రాజెక్టు కోసం తయారైన ఈ లైసెన్స్ మొదటి కూర్పు 1989లో, రెండోది 1991లో, మూడోది 2007లో వచ్చాయి. ప్రోగ్రామ్‌ని ఇంకొకరి చేతికి ఇస్తే సోర్స్ కోడ్ కూడా ఇవ్వాలి, అదీ ఇదే లైసెన్స్ కింద ఇవ్వాలి. ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. మార్చగానే బయటపెట్టాలని జీపీఎల్ ఎక్కడా అనదు. కంపెనీ తన ఆఫీసులో ఎంత మార్చుకుని వాడుకున్నా అడిగేవాడు లేడు. ఆ మార్చిన యాప్‌ని జనం ఫోన్లలోకి పంపితే మాత్రం షరతు మొదలవుతుంది.

మన బస్సు యాప్‌లో కిటుకంతా ఇక్కడే ఉంది. బస్సు ఎప్పుడొస్తుందో లెక్కగట్టే అసలు కోడ్ ఫోన్లో ఉండదు, సర్వర్లో ఉంటుంది. ప్రయాణికుడి ఫోన్‌కి చేరేది "ఏడు నిమిషాలు" అన్న జవాబే. ప్రోగ్రామ్ ఎవరి చేతికీ ఇవ్వలేదు కాబట్టి జీపీఎల్ షరతు ఆ సర్వర్ కోడ్‌ని తాకదు. ఈ సందు పూడ్చడానికే 2007లో ఏజీపీఎల్ మూడో కూర్పు వచ్చింది. మార్చిన ప్రోగ్రామ్‌ని నెట్‌వర్క్ మీద జనానికి అందుబాటులో పెడితే, దాన్ని వాడేవాళ్లకి సోర్స్ కూడా అందించాలంటుంది. అందుకే పెద్ద కంపెనీలు దాని జోలికి పోవు. ఏజీపీఎల్ కోడ్ వాడొద్దని గూగుల్ తన ఉద్యోగుల నిబంధనల్లో బాహాటంగానే పెట్టుకుంది. నన్నడిగితే, సర్వర్ మీద బతికే ప్రాజెక్టుకి జీపీఎల్ పెట్టి నిశ్చింతగా ఉండటం కంటే, ఎంఐటీ లాంటిదా, ఏజీపీఎల్లా అని తేల్చుకోవడం నయం.

ఇంకో సంగతి. యాప్‌లో ఉండేది కోడ్ ఒక్కటే కాదు. బస్‌స్టాపుల వివరాలు జనమే కలిసి తయారుచేసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే పటం నుంచి తెచ్చుకుని ఉంటే, ఆ డేటా 2012 నుంచి ఓడీబీఎల్ అనే వేరే లైసెన్స్ కింద ఉంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కంట్రిబ్యూటర్లకి క్రెడిట్ ఇవ్వాలి. ఆ డేటాబేస్‌ని పెంచి జనంలోకి తెస్తే, పెంచిన డేటాబేస్‌ని కూడా అదే లైసెన్స్ కింద ఇవ్వాలి. తెలుగు పేర్లు పెట్టిన అమ్మాయి వాటిని ఆ పట్టికలోకే ఎక్కించి ఉంటే, ఆ పట్టిక కోడ్ లైసెన్స్ కిందకి రాదు, ఓడీబీఎల్ కిందకే పోతుంది. అక్షరాల కోసం గూగుల్ ఫాంట్స్‌లో ఉన్న గురజాడనో గిడుగునో వాడి ఉంటారు. మన ఉత్తరాంధ్ర పెద్దల పేర్లు పెట్టుకున్న ఆ ఫాంట్లకి ఎస్ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్స్ ఉంది. యాప్‌లో కలిపి యాప్‌ని అమ్ముకోవచ్చు, ఫాంట్‌ని ఒక్కదాన్నే విడిగా అమ్మకూడదు. ఇలా ఒకే యాప్‌లో మూడు లైసెన్సులు. కంపెనీ వాళ్లకి ముందు చెప్పాల్సింది ఇదే, చాలామంది చెప్పనిదీ ఇదే.

ఎవరు రాసింది వాళ్లదే

ఇప్పుడు మూడోవాడి మాట. సగం కోడ్ రాశానన్నాడు కదా, ఆ సగం మీద కాపీరైట్ అతనిదే. బయటినుంచి పది లైన్ల ప్యాచ్ (సవరణ) పంపినవాడికీ ఆ పది లైన్ల మీద హక్కుంటుంది. తన సొంత రాత అనదగ్గది ఎంతో కొంత ఉండాలనుకోండి, కామా మార్చినంత మాత్రాన హక్కు రాదు. లైసెన్స్ ఉన్న రిపాజిటరీకి కోడ్ పంపితే, అదే లైసెన్స్ కింద ఇచ్చినట్టని గిట్‌హబ్ షరతుల్లో ఉంది. అంటే పంపినవాడు ఇచ్చింది అనుమతే, ఆస్తి రాసివ్వలేదు.

ఎంవీపీ కాలనీలో ఏ అపార్ట్‌మెంట్ అయినా చూడండి. ఫ్లాట్లు ఎవరివి వాళ్లవే, దస్తావేజులు వాళ్ల బీరువాల్లోనే ఉంటాయి. మోటారు గది తాళం, లిఫ్ట్ కాంట్రాక్టు, వాచ్‌మన్ జీతం మాత్రం అసోసియేషన్ సెక్రటరీ చూసుకుంటాడు. ఆయన మాట బిల్డింగంతా వింటుంది. అయినా ఒక్క ఫ్లాట్ కూడా ఆయన అమ్మలేడు. బిల్డింగ్ కొట్టి కొత్తది కట్టించాలంటే సంతకాల కోసం గుమ్మం గుమ్మం తిరగాల్సిందే. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుని నడిపే మెయింటెయినర్ ఆ సెక్రటరీ, కోడ్ పంపే కంట్రిబ్యూటర్లు ఫ్లాట్ ఓనర్లు.

లైసెన్స్ మార్చాలన్న రోజున ఈ తేడా బయటపడుతుంది. వీఎల్‌సీ ప్లేయర్‌ని తయారుచేసే వీడియోల్యాన్ వాళ్లు తమ ఇంజిన్ భాగాన్ని జీపీఎల్ నుంచి కాస్త సడలించిన ఎల్‌జీపీఎల్‌కి మార్చాలనుకున్నారు. ఏళ్ల కిందట కోడ్ రాసి వెళ్లిపోయినవాళ్లతో సహా వందమందికి పైగా డెవలపర్లను వెతికి పట్టుకుని ఒప్పించాల్సి వచ్చింది. 2011, 2012 సంవత్సరాల్లో ఆ పని నడిచింది. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయలాంటి కెర్నల్ పరిస్థితి ఇంకా గట్టిది. అది జీపీఎల్ రెండో కూర్పు కిందే ఉంది. వేలమంది రాసిన కోడ్ అది, కొందరు ఇప్పుడు బతికి కూడా లేరు. దాన్ని మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్‌కి మూడో కూర్పు నచ్చలేదన్నది వేరే సంగతి. నచ్చినా ఆయన ఒక్కడే మార్చగలిగేది కాదు.

ఈ తిప్పలు పడలేకే కంపెనీలు ముందే కోడ్ పంపేవాళ్లతో సీఎల్ఏ (కంట్రిబ్యూటర్ లైసెన్స్ అగ్రిమెంట్) అనే ఒప్పందం మీద సంతకం పెట్టించుకుంటాయి. కొన్ని సీఎల్ఏల్లో హక్కు మొత్తం రాసిచ్చేస్తాం. ఎక్కువవాటిలో హక్కు మనదగ్గరే ఉంటుంది కానీ, ఏ లైసెన్స్ కింద కావాలంటే ఆ లైసెన్స్ కింద ఇచ్చుకునే వెసులుబాటు కంపెనీకి దక్కుతుంది. 2023 ఆగస్టులో హ్యాషికార్ప్ కంపెనీ, సర్వర్ల ఏర్పాటుకి వాడే తన టెర్రాఫార్మ్‌ని ఎంపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ నుంచి, పోటీదార్ల వాడకాన్ని కట్టడిచేసే బిజినెస్ సోర్స్ లైసెన్స్‌కి మార్చేసింది. బయటినుంచి కోడ్ ఇచ్చినవాళ్లు అంతకుముందే సీఎల్ఏ మీద సంతకాలు పెట్టి ఉన్నారు కాబట్టి మళ్లీ ఎవరినీ అడగాల్సిన పనిలేకపోయింది. కోపం వచ్చినవాళ్లు పాత ఎంపీఎల్ కోడ్ తీసుకుని ఓపెన్‌టోఫు అనే వేరు ప్రాజెక్టు మొదలుపెట్టారు, అది లైనక్స్ ఫౌండేషన్ గూటికి చేరింది. డేటాబేస్ ప్రోగ్రామ్ రెడిస్ 2024 మార్చిలో బీఎస్డీ వదిలేస్తే దాని పాత కోడ్ నుంచి వాల్కీ పుట్టింది. మరుసటి ఏడాదికి రెడిస్ ఏజీపీఎల్‌ని కూడా కలుపుకుని మళ్లీ ఓపెన్ సోర్స్‌లోకి వచ్చింది. కొత్త కూర్పుకి లైసెన్స్ మార్చగలరు కానీ, జనం చేతిలోకి వెళ్లిన పాత కూర్పుని వెనక్కి లాక్కోలేరన్నమాట.

సీఎల్ఏ అంత బరువు లేకుండా పని జరిపించే పద్ధతి లైనక్స్ వాళ్లది. 2003లో ఎస్‌సీఓ అనే కంపెనీ, తమ యూనిక్స్ కోడ్ లైనక్స్‌లో దూరిందంటూ ఐబీఎం మీద కేసు వేసింది. ఏ లైను ఎక్కడినుంచి వచ్చిందో చూపించాల్సిన అవసరం అప్పుడు తెలిసొచ్చింది. మరుసటి ఏడాది డీసీఓ (డెవలపర్ సర్టిఫికేట్ ఆఫ్ ఆరిజిన్) అనే చిన్న హామీపత్రం పుట్టింది. దీనికి విడిగా సంతకాలుండవు. పంపే ప్రతి మార్పు (కమిట్) కిందా ఒక లైను ఉంటుంది:

హనుమంతవాక స్టాప్ పేరు సరిచేశాను
సైన్డ్-ఆఫ్-బై: పంపినవారి పేరు, ఈమెయిల్

గిట్ కమిట్ కమాండ్‌కి చిన్న ఎస్ (-s) జోడిస్తే ఆ లైను దానంతటదే పడుతుంది. "ఇది నేను రాసింది, లేదా ఈ లైసెన్స్ కింద ఇచ్చే హక్కు నాకుంది" అని దాని అర్థం. ఇందులో హక్కులు చేతులు మారవు. కుర్రాళ్ల ప్రాజెక్టుకి ఇది చాలు.

అలాకాకుండా "హక్కులన్నీ ప్రాజెక్టుకి రాసిస్తున్నాను" అని సొంతంగా కాగితం తయారుచేసుకునేవాళ్లు మన చట్టంలోని 19వ సెక్షన్ ఒకసారి చదవాలి. హక్కు రాసివ్వడం రాతపూర్వకంగానే జరగాలి. ఎంతకాలానికో రాయకపోతే 5 ఏళ్లకేనని లెక్క. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే పరిమితమని లెక్క. లైసెన్సులకు కూడా ఆ నియమాలు తగిన మార్పులతో వర్తిస్తాయని 30ఎ సెక్షన్ చెబుతుంది. అపాచీ 2.0లో "శాశ్వతంగా, ప్రపంచమంతటా, వెనక్కి తీసుకోకుండా" అని విడమర్చి రాసి ఉంటుంది, ఎంఐటీలో ఆ మాటలు లేవు. మన దేశంలో మొదలయ్యే ప్రాజెక్టుకి ఎంఐటీ కంటే నేను అపాచీ వైపు మొగ్గడానికి ఇదో కారణం.

నాలుగోవాడి అనుమానం కూడా తీసిపారేయదగ్గది కాదు. ఉద్యోగంలో భాగంగా రాసిన కోడ్‌కి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి యజమాని కంపెనీయే అని 17వ సెక్షన్ అంటుంది. విద్యార్థి కాలేజీకి ఉద్యోగి కాడు కాబట్టి మామూలుగా అతని కోడ్ అతనిదే. కాలేజీ పాలసీకి ఒప్పుకుంటూ ఏదైనా కాగితం మీద సంతకం పెట్టి ఉంటే అది చూసుకోవాలి. అసలు చిక్కు ఉద్యోగం వచ్చాక. మధురవాడలో పగలు జాబ్ చేసి, రాత్రి ఇంట్లో సొంత ల్యాప్‌టాప్ మీద బస్సు యాప్‌కి కోడ్ పంపేవాడు తన ఆఫర్ లెటర్ ఒకసారి తిరగేయాలి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ రాసేదంతా కంపెనీదేనని కొన్నిటిలో రాసి ఉంటుంది. హెచ్‌ఆర్‌కి ఒక మెయిల్ పెట్టి, రాతపూర్వకంగా పర్మిషన్ తెచ్చుకుంటే ఆ టెన్షన్ ఉండదు. డీసీఓ లైనులో "నాకు హక్కుంది" అని రాసేది ఇతనే కదా.

ఇంతకీ కంపెనీకి ఏం చెప్పాలి? ప్రాజెక్టు ఎంఐటీ కింద ఉంటే, షరతు పాటించి వాడుకోండని చెబితే చాలు. ఏజీపీఎల్ కింద ఉండి, సోర్స్ బయటపెట్టకుండా వాడుకుంటామని వాళ్లు అడిగితే మాత్రం, డబ్బు ఎంతిస్తామన్నా రిపాజిటరీ ఓనర్ ఒక్కడూ సరేననలేడు. నలుగురితో పాటు బయటినుంచి కోడ్ పంపిన ప్రతివాళ్లూ ఒప్పుకోవాలి. ఒప్పుకోనివాళ్ల భాగం తీసేసి మళ్లీ రాసుకోవడమే ఇంకో దారి.

పెత్తనం

అయితే రెండోవాడి మాటకి విలువే లేదా అంటే, ఉంది. ఏ మార్పు లోపలికి రావాలి, ఏది వద్దు, కొత్త రిలీజ్ ఎప్పుడు అన్నవి మెయింటెయినర్ చేతిలోనే ఉంటాయి. వాటిని ఏ లైసెన్సూ ఇవ్వదు. అనుమతి ఇచ్చే కాగితం వేరు, నమ్మకం మీద నడిచే పదవి వేరు. పదవికి దారి ఒక్కో ప్రాజెక్టులో ఒక్కోలా ఉంటుంది. అపాచీ ఫౌండేషన్‌లో వాడకందారు కంట్రిబ్యూటర్ అవుతాడు, పని చూసి ఓటు వేసి కమిటర్‌ని (కోడ్‌ని నేరుగా మార్చే హక్కున్నవాడిని) చేస్తారు, ఆపైన ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ కమిటీ ఉంటుంది. కోడ్ మార్పుకి సరైన సాంకేతిక కారణం చూపించి కమిటర్లలో ఒక్కరు మైనస్ వన్ (వద్దన్న ఓటు) వేసినా అది ఆగిపోతుంది. లైనక్స్ పంపిణీల్లో ఒకటైన డెబియన్ వాళ్లు ఏటా ఎన్నిక పెట్టి లీడర్‌ని ఎన్నుకుంటారు. ప్రోగ్రామింగ్ భాష పైథాన్‌ని దాదాపు మూడు దశాబ్దాలు ఒక్క చేతి మీద నడిపిన గీడో వాన్ రోసమ్ 2018లో తప్పుకున్నాక, ఐదుగురి స్టీరింగ్ కౌన్సిల్ వచ్చింది.

కింది మెట్టు దగ్గర మనవాళ్ల గోల ఒకటుంది. 2020 అక్టోబరులో, నాలుగు పుల్ రిక్వెస్టులు (ప్రాజెక్టులో కలపమని పంపే మార్పులు) పంపితే టీషర్ట్ ఇస్తామన్న హ్యాక్టోబర్‌ఫెస్ట్‌లో పనికిమాలిన మార్పులు కుప్పలుగా వచ్చిపడ్డాయి. ప్రాజెక్టు పరిచయం ఉండే రీడ్‌మీ ఫైల్లో "అమేజింగ్ ప్రాజెక్ట్" అని చేర్చి పంపడమే వాటిలో చాలావాటి పని. వీటిలో మన దేశం నుంచి వచ్చినవి తక్కువేం కాదు. నిర్వాహకులు మధ్యలోనే నియమం మార్చి, ఒప్పుకున్న ప్రాజెక్టులనే లెక్కలోకి తీసుకున్నారు. రెజ్యూమెలో "ఓపెన్ సోర్స్ కంట్రిబ్యూటర్" అన్న లైను కోసం పడే తాపత్రయం అది. బస్సు యాప్‌లో స్టాపుల పేర్లు తెలుగులో పెట్టి, తప్పులు దిద్దిన అమ్మాయి ఒక్క లైను కోడ్ రాయకపోయినా వాళ్లకంటే ఎంతో పెద్ద కంట్రిబ్యూటర్. బగ్‌ని సరిగ్గా వివరించి రాసేవాళ్లూ అంతే.

పై మెట్టు దగ్గర జరిగేది గోల కాదు, ప్రమాదం. ఎక్స్‌జెడ్ అనే ఫైళ్లు కుదించే పనిముట్టు దాదాపు ప్రతి లైనక్స్ సిస్టమ్‌లోనూ ఉంటుంది. దాన్ని ఏళ్లతరబడి ఒక్క మనిషి ఖాళీ సమయంలో చూసుకుంటూ వచ్చాడు. 2021 నుంచి జియా టాన్ అనే పేరుతో ఒకరు మంచి ప్యాచ్‌లు పంపడం మొదలుపెట్టారు. ఆ తర్వాత మరికొన్ని కొత్త పేర్లు పైకొచ్చి, పనులు నెమ్మదిగా సాగుతున్నాయి, ఇంకొకరికి బాధ్యత అప్పగించండని పాత మెయింటెయినర్‌ని ఊపిరాడనివ్వలేదు. అప్పటికే తన ఆరోగ్యం బాగోలేదని చెప్పుకున్న మనిషి ఆయన. అలా జియా టాన్‌కి రిలీజ్ చేసే అధికారం వచ్చింది. 2024 ఫిబ్రవరి, మార్చిలలో వచ్చిన రెండు రిలీజుల్లో, సర్వర్లలోకి దొంగదారి తెరిచే కోడ్ దాక్కుని వచ్చింది. మార్చి చివర్లో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే మైక్రోసాఫ్ట్ ఇంజినీరు, రిమోట్ లాగిన్‌కి అరసెకను ఎక్కువ పడుతోందేమిటా అని తవ్వుతూ పోయి దాన్ని పట్టుకున్నాడు. ఆ అరసెకను ఎవరూ పట్టించుకోకపోయుంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

ఇందులో లైసెన్స్‌ది ఏ తప్పూ లేదు, కాపీరైట్ తగాదా లేదు. తాళాలు ఎవరికి, ఏం చూసి ఇవ్వాలన్న పద్ధతి లేదు, పాత మనిషికి తోడు లేదు.

మన బస్సు యాప్‌లో తాళాలంటే ఏవి? రిపాజిటరీ, ప్లే స్టోర్ అకౌంట్, డొమైన్, సర్వర్ పాస్‌వర్డ్. ఇవన్నీ ఒక్కడి జీమెయిల్‌తో ఉంటే, అతను బెంగళూరులో ఉద్యోగం దొరికి బిజీ అయిపోయిన రోజున మిగతా ముగ్గురూ తమ కోడ్‌ని తాము అప్‌డేట్ చేసుకోలేరు. వ్యక్తి అకౌంట్ నుంచి గిట్‌హబ్ ఆర్గనైజేషన్‌కి రిపాజిటరీని మార్చి, ఇద్దరిని ఓనర్లుగా పెట్టడం అరగంట పని. కోడ్ ఫోర్క్ చేసుకోవచ్చు కానీ యాప్ పేరూ లోగో దాంతోపాటు రావు. అపాచీ లైసెన్స్ ట్రేడ్‌మార్కుల అనుమతి ఇవ్వడం లేదని విడిగా రాస్తుంది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లాతో పేరు దగ్గర పేచీ వచ్చి డెబియన్ వాళ్లు 2006 నుంచి 2016 దాకా ఆ బ్రౌజర్‌ని ఐస్‌వీజిల్ అన్న పేరుతో పంచారు. కాబట్టి పేరు నలుగురిదా, ఒకడిదా అన్నది కూడా ముందే ఎక్కడైనా రాసిపెట్టుకోవాలి. లైసెన్స్ ఫైలు పక్కనే గవర్నెన్స్ అని ఇంకో ఫైలు పెడితే సరిపోతుంది. మెయింటెయినర్ ఎలా అవుతారు, ఎన్నాళ్లు కనిపించకపోతే రైట్స్ తీసేస్తారు, అకౌంట్లు ఎవరెవరి దగ్గర ఉన్నాయి అన్న సంగతులు ఒక పేజీలో పట్టేస్తాయి.